పూటకూళ్లవాని తలుపు

యెరికో దారిని దొంగల చేత చిక్కి సగము చచ్చి పడియున్న మనుష్యుని కథమీద మన సంఘములలో ఎన్ని ప్రసంగములు వినియున్నామో లెక్కలేదు. ప్రతి ప్రసంగములోను యాజకునికి ఒక గద్దింపు, లేవీయునికి ఒక గద్దింపు, సమరయునికి మెప్పు దొరకును. పూటకూళ్లవాని మాట మాత్రము ఎవరును ఎత్తరు. అతడు చెడ్డవాడని వ్రాయబడలేదు, మంచివాడనియు వ్రాయబడలేదు. ఇల్లు అతనిది, మంచము అతనిది, తలుపు అతనిది. గాయపడినవాడు ఒంటరిగా ప్రాకుచు ఆ గడప యొద్దకు వచ్చినయెడల ఆ తలుపు తెరువబడియుండునా? వెంట వచ్చినవాడు డబ్బు చేతిలో పెట్టి, ఇంకేమైన ఖర్చయినచో తిరిగి వచ్చునప్పుడు తీర్చెదనని పూచీ పడకపోయినయెడల మరునాడు ఆ మంచము అతనికి మిగిలియుండునా? ప్రియ చదువరులారా, ఈ నెల నేను ఆ తలుపు చరిత్రను, మన గోదావరి ప్రాంతములో అది ఎవరెవరి చేతులు మారినదో ఆ సంగతిని వ్రాయ తలచితిని.

మన పెద్దాపురము ప్రక్కగా రాజానగరము నుండి సామర్లకోటకు పోవు ఏడీబీ రోడ్డును ఎరుగనివారు ఇక్కడ లేరు. లారీలు, కూలీలతో క్రిక్కిరిసిన ఆటోలు, దీపము లేని సైకిళ్లు అన్నియు ఆ దారినే పోవును. ఎవరైన పడిపోయినప్పుడు మూగిన జనుల నోట మొదట వచ్చు మాట "బ్రతికున్నాడా?" అని. రెండవ మాట "ఏ ఆసుపత్రికి?" అని. మన పెద్దలు ఆసుపత్రులకు పెట్టిన పేర్లు గమనింపుడి. ధర్మాసుపత్రి, మిషనాసుపత్రి, ప్రైవేటు ఆసుపత్రి. ఇవి రోగములనుబట్టి పెట్టిన పేర్లు కావు, యజమానులనుబట్టి పెట్టినవి. తలుపు ఎవరిదో తెలిసినయెడల లోపల తనకు ఏమి జరుగునో కొంత తెలియునని పల్లెవాడు ఎన్నడో గ్రహించెను.

2019వ సంవత్సరపు వేసవిలో మా సంఘములోని ఒక ఇటుకబట్టీ కూలి రాత్రివేళ సైకిలు మీద ఇంటికి వచ్చుచుండగా లారీ తగిలి, కుడికాలు మోకాలి క్రింద నుజ్జునుజ్జయ్యెను. దారిన పోవు ఆటోవారు దయగలవారు. దగ్గరలోనున్న ఒక ప్రైవేటు ఆసుపత్రికి చేర్చిరి. అక్కడ ముందుగా యాభై వేల రూపాయలు కట్టుమనిరి. అతని భార్య నాకు ఫోను చేసెను. "అయ్యగారూ, డబ్బు కట్టేదాకా లోపలికి తీసుకెళ్లరంటండి. ఏం చెయ్యమంటారండి?" నాయొద్ద ఆ రాత్రి ఎనిమిది వేలున్నవి. నేను వెళ్లునప్పటికి అతడు వరండాలో స్ట్రెచరు మీదనే యుండెను. కాలికి ఒక గుడ్డ కట్టియుండెను, సెలైను పెట్టియుండెను, అంతే. అచ్చటనుండి వేరొక పట్టణములోని ప్రభుత్వ ఆసుపత్రికి తీసికొనిపోతిమి. తెల్లవారిన తరువాత కాలు తీసివేసిరి. ఆ ఆలస్యము వలననే కాలు పోయినదని నేను చెప్పజాలను, వైద్యులును చెప్పలేదు. అయితే దీని విషయమై దేశములో ఏ చట్టమున్నదో నాకు ఆ రాత్రియే తెలియును. తెలిసియు ఆ బల్లయొద్ద కూర్చున్నవానిని ఒక్క మాట అడుగలేదు. బ్రతిమాలితిని గాని అడుగలేదు.

సరే, చరిత్రకు వత్తము.

పెద్దాపురమునకు పూటకూళ్ల ఇండ్లు క్రొత్త కావు. వత్సవాయివారి సంస్థాన కాలములో మహారాణి బుచ్చి సీతయమ్మగారు పెద్దాపురములోను కత్తిపూడిలోను సత్రములు నెలకొల్పిరి. బాటసారులకు అన్నము దొరకెడిది. కాని సత్రము అన్నము పెట్టగలదు గాని ఎముక కూర్చలేదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియై కాలువలు పారినప్పుడు డెల్టాలో పంటలతో పాటు పనులును హెచ్చినవి, పనులతో పాటు గాయములును హెచ్చినవి. తాడిచెట్టునుండి జారిపడిన గీతకార్మికుడు, కొబ్బరిచెట్టునుండి పడిన దింపు కార్మికుడు, ఎద్దు పొడిచిన పాలేరు, బండిచక్రము క్రింద పడిన పిల్లవాడు, వీరందరు కట్టువైద్యుని యొద్దకే పోవుదురు. వెదురుబద్దలు, గ్రుడ్డు సొన, ఆకు పసరు. చేయి విరిగినవాడు కొందరు బాగుపడిరి. ఎముక చర్మమును చీల్చుకొని బయటికి వచ్చినవాడు చాలవరకు చీముపట్టి చనిపోయెడివాడు. తెల్లవారి ప్రభుత్వము తాలూకా కేంద్రములలో లోకల్ ఫండు డిస్పెన్సరీలు పెట్టినను, అవి జ్వరమునకు మాత్రలిచ్చుటకును, టీకాలు వేయుటకును సరిపోయెను. మాలపల్లె, మాదిగపల్లె మనుష్యుడు ఆ అరుగు ఎక్కుటకు ముందు మందు కంటె కులమును గూర్చి ఆలోచింపవలసి వచ్చెడిది.

ఆ కాలమున మన ప్రాంతపు రెండు ప్రక్కల రెండు మిషనులు పనిచేయుచుండెను. రాజమహేంద్రవరము వైపున లూథరను మిషను, కాకినాడ పిఠాపురముల వైపున కెనడియన్ బాప్తిస్టు మిషను. ఇవిగాక పశ్చిమమున నర్సాపురములో గోదావరి డెల్టా మిషను. వీరు ఆసుపత్రులు కట్టిన కథ మన సంఘములలో చాలమందికి కొంత తెలియును. అయితే అవి ఎవరి సొత్తు అనునది తెలిసికొన్నవారు తక్కువ.

మాదిరికి కృష్ణ కావలనున్న గుంటూరును చూడుడి, ఏలయనగా మన లూథరను ఆసుపత్రులకు అదియే తల్లివంటిది. డాక్టర్ అన్నా సారా కుగ్లర్ అను అమెరికా దొరసానిగారు 1883లో గుంటూరునకు వచ్చిరి. ఆమె వైద్యవిద్య ముగించిన స్త్రీయైనను మిషను పెద్దలు మొదట ఆమెను స్త్రీలకు బోధించు పనికే పంపిరి. వైద్యము ఆమెయే పట్టుపట్టి సాధించుకొన్న పని. 1898 జూన్‌లో గాని ఆసుపత్రి తలుపులు తెరువబడలేదు. సొమ్ము ఎక్కడిది? అమెరికాలోని సంఘములలో స్త్రీల సమాజములు అణా అణాగా కూర్చినది. కనుక అది స్త్రీలకును పిల్లలకును చేసిన ఆసుపత్రి. ఇచ్చినవారు ఏ కన్నీటిని చూచి ఇచ్చిరో ఆ కన్నీటికే భవనము లేచెను. పురుషుని కంట పడక ఇంటి లోపలనే ప్రసవవేదనతో చనిపోవు స్త్రీ కన్నీరు అది. రాజమహేంద్రవరములో 1899లో వచ్చిన డాక్టర్ లిడియా వోర్నర్ గారి కృషివలన 1911లో తెరువబడిన ఆసుపత్రియు అట్టిదే. పిఠాపురములో డాక్టర్ స్మిత్ గారును, తరువాత డాక్టర్ జెస్సీ ఆలిన్ గారును పనిచేసిరి. అక్కడ శస్త్రవైద్యము పురుషులకును దొరకెను గనుక మన పెద్దాపురము వైపు పల్లెలవారు "పిఠాపురం తీసుకెళ్లండి" అనుట తరముల తరబడి అలవాటయ్యెను.

గుంటూరు కథలో నాకు మిక్కిలి ఇష్టమైన సంగతి ఒకటి కలదు. మన ఏలూరు రాజా భుజంగరావుగారు తన కుటుంబమునకు కలిగిన మేలుకు కృతజ్ఞతగా ఆ ఆసుపత్రి ఎదుట రోగుల బంధువుల నిమిత్తము ఒక సత్రము కట్టించెను. రోగితో వచ్చినవారు ఎక్కడ వండుకొందురు, ఎక్కడ పండుకొందురు అని తలచిన రాజుగారికి ఆసుపత్రి అనగా మంచము ఒక్కటే కాదని తెలియును. నేటికిని ఆసుపత్రి వరండాలలో గోనెపట్టాలమీద పండుకొన్న తల్లులను చూచినప్పుడు నాకు ఆ సత్రము జ్ఞాపకము వచ్చును.

మన మిషనాసుపత్రులలో ఇయ్యగలిగినవాడు ఇచ్చెను, ఇయ్యలేనివానిని పంపివేయలేదు. ఉన్నవాని రుసుము లేనివాని మందునకు పోయెను. ఇది నిజము, సంతోషము. అయితే మన వంతు తప్పును కప్పిపుచ్చరాదు. కులస్థులైన స్త్రీలు రాకపోదురేమోయను భయముచేత అనేక మిషనాసుపత్రులలో వంటశాలలు వేరు వేరుగా నుండెను. క్రీస్తు పేరట తెరచిన తలుపునకు లోపల మరి కొన్ని చిన్న తలుపులుండెను. మరియొక సంగతి. స్త్రీల కొరకును పిల్లల కొరకును కట్టిన ఆసుపత్రి చెట్టుమీదనుండి పడిన పురుషునికి సిద్ధముగా నుండలేదు. కొట్లాటలో నరుకబడినవాడు, బండి క్రింద పడినవాడు పోలీసు కేసు గనుక ప్రభుత్వ ఆసుపత్రికే పోవలెనను అలవాటు దేశమంతట పాతుకొనిపోయెను. ఆ అలవాటు ఎందరి ప్రాణములు తీసినదో దిగువ చెప్పెదను.

గాయమును గూర్చి ఒక మాట ఇక్కడ తెలిసికొనవలెను. కంటిపొర ఆపరేషనుకు దినము పెట్టుకొనవచ్చును. ప్రసవమునకు నెల తెలియును. గాయమునకు ముహూర్తము లేదు. అర్ధరాత్రి రెండు గంటలకు వచ్చు ఒక్కని నిమిత్తము శస్త్రవైద్యుడు, మత్తుమందిచ్చు వైద్యుడు, నర్సులు, ఎక్స్‌రే, రక్తనిధి అన్నియు మేలుకొనియుండవలెను. ఎవరును రాని రాత్రియు ఆ ఖర్చు తప్పదు. వచ్చువాడు చాలవరకు యౌవనస్థుడైన కూలి. జేబులో పది రూపాయలు, వెంట ఎవరును లేరు, ఒక్కొక్కప్పుడు పేరు చెప్పుకొనుటకు స్మారకమైనను లేదు. రోగుల రుసుముమీద జీవించు యజమానికి ఇది నష్టపు వ్యాపారము. అతడు కఠినాత్ముడు కానక్కరలేదు. లెక్కల పుస్తకమే అతనిని ప్రక్కగా నడిపించును. వైద్యులు మొదటి గంటను బంగారు గంట అందురు. ఆ గంటలో రక్తము ఆపి ఊపిరి నిలిపినయెడల చాలమంది బ్రతుకుదురు. ఆ గంట ఎవరి గుమ్మమున గడచునను ప్రశ్నయే యజమాని ఎవరను ప్రశ్న.

స్వాతంత్ర్యమునకు తరువాత గోదావరి జిల్లాల గాయములను మోసినది ప్రభుత్వ ఆసుపత్రియే. అంతకుముందు 1923లో విశాఖపట్టణములో కింగ్ జార్జి ఆసుపత్రి వచ్చినను అది మనకు దూరము. 1958లో కాకినాడలో వైద్య కళాశాల పుట్టెను. అది మొదట ప్రభుత్వముది కాదు. ఒక వైద్యవిద్యా సంఘమువారు స్థాపింపగా, తణుకు పారిశ్రామికులు ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్ గారు పెద్ద విరాళమిచ్చి, పరలోకగతుడైన తమ బంధువు పెండ్యాల రంగారాయుని పేరు పెట్టించిరి. రంగరాయ వైద్య కళాశాల విద్యార్థులు కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలో పని నేర్చుకొనిరి. తరువాత కళాశాలయు ప్రభుత్వపరమయ్యెను. దాత సొమ్ము, సంఘము నిర్వహణ, ప్రభుత్వపు మంచములు. ఈ మూడును కలిసినప్పుడు పల్లెవానికి "పెద్దాసుపత్రి" దొరకెను. యజమాని పేరు ఒక్కటే చాలదనుటకు ఇది మన యింటి సాక్ష్యము.

మిషనాసుపత్రుల సంగతి మరియొక దారి పట్టెను. 1960, 1970 దశకములలో విదేశపు సొమ్ము తగ్గెను, దొరసానులు ఒక్కొక్కరుగా వెళ్లిపోయిరి. ఆస్తులు మన సంఘముల చేతికి వచ్చినవి; వ్యాజ్యములును వాటితో వచ్చినవి. దీనిని విస్తరించి వ్రాయుట నాకిష్టము లేదు, మీకును తెలియును. అదే కాలము తరువాత పట్టణములలో ప్రైవేటు ఆసుపత్రులు లేచినవి. చిత్తూరు జిల్లా అరగొండలో పుట్టిన డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి గారు 1983లో మద్రాసులో అపోలో ఆసుపత్రిని తెరచిరి. వాటాదారుల సొమ్ముతో నడచు ఆసుపత్రి అనునది తెలుగువారికి అప్పటినుండి ఎరుకపడెను. మెలకువగల చేతులు, మంచి యంత్రములు అక్కడికి చేరెను, ఇది కాదనరాదు. మన పిల్లలలో నర్సింగు చదివినవారు ఎందరో అట్టి ఆసుపత్రులలోనే అన్నము తినుచున్నారు.

ఇట్లు తలుపులు వేరు వేరు చేతులలోనున్నప్పుడు గాయపడినవాడు ఒక తలుపునుండి మరియొక తలుపునకు త్రోయబడుట మన దేశపు పాపమే కాదు. అమెరికా దేశమున చికాగో పట్టణములో కుక్ కౌంటీ ఆసుపత్రి అను ధర్మాసుపత్రి కలదు. ఇతర ఆసుపత్రులవారు అక్కడికి పంపివేసిన 467 మంది రోగులను అక్కడి వైద్యులు పరిశీలించి 1986లో ప్రకటించిరి. నూటికి 89 మంది నల్లజాతివారో హిస్పానిక్ వారో. నూటికి 81 మందికి ఉద్యోగము లేదు. పంపివేయుటకు చెప్పిన కారణము నూటికి 87 సందర్భములలో రోగికి తగిన బీమా లేకపోవుటయే. నూటికి 24 మంది స్థితి బండిలో ఎక్కించునప్పటికి నిలకడగా లేదు. వ్రాతమూలముగా సమ్మతి తెలిపినవారు నూటికి ఆరుగురు మాత్రమే. ఆ సంవత్సరమే ఆ దేశములో అత్యవసర రోగిని డబ్బు లేదని త్రోసివేయరాదని చట్టము వచ్చెను.

చట్టము వచ్చినను ఒక సందు మిగిలెను. తలుపునొద్దకు వచ్చినవానిని త్రోయరాదు గాని, గాయముల కేంద్రమును మూసివేయుట తప్పు కాదు. అదే చికాగోలో దక్షిణపు భాగము నల్లజాతి బీదలు అధికముగా నివసించు చోటు. అక్కడి విశ్వవిద్యాలయపు ఆసుపత్రి, లాభాపేక్ష లేని సంస్థయే, పెద్దవారి గాయముల కేంద్రమును 1988లో మూసివేసెను. 2010లో ఆ ఆసుపత్రికి అతి సమీపమున తుపాకి దెబ్బ తగిలిన పదునెనిమిదేండ్ల యువకుని మైళ్ల దూరములోనున్న వేరొక ఆసుపత్రికి మోసికొనిపోగా అతడు చనిపోయెను. యౌవనస్థులును, వారితో కూడ కొందరు సంఘకాపరులును ఏండ్ల తరబడి వీధులలో నిలిచి అడిగిరి. 2018 మే నెలలో ఆ తలుపు మరల తెరువబడెను. లాభాపేక్ష లేదు అను బోర్డు చూచి మనము తృప్తిపడరాదని ఈ సంగతి నాకు నేర్పెను. మన ట్రస్టు ఆసుపత్రులకు, సంఘపు ఆసుపత్రులకు కూడ ఇది చెందును.

మన దేశములో ఆ ప్రశ్న న్యాయస్థానమునకు వచ్చిన విధము చూడుడి. ఒక స్కూటరు నడుపువానిని వేగముగా వచ్చిన కారు కొట్టెను. దగ్గరి ఆసుపత్రికి మోసికొనిపోగా, ఇది పోలీసు కేసు, మాకు అధికారము లేదు, ఇరువది కిలోమీటర్ల దూరమునున్న మరియొక ఆసుపత్రికి పొండనిరి. దారిలోనే అతడు ప్రాణము విడిచెను. వార్తాపత్రికలో దీనిని చదివిన పండిట్ పరమానంద కటారా గారు సుప్రీము కోర్టుకు వెళ్లగా, 1989 ఆగస్టులో తీర్పు వచ్చెను. ఆసుపత్రి ప్రభుత్వముదైనను ప్రైవేటుదైనను, గాయపడినవానికి మొదట వైద్యము చేయవలెను, పోలీసు కాగితములు తరువాతనే. నేను ఆ రాత్రి ఆ బల్లయొద్ద అడుగని మాట ఇదే.

అయితే ప్రభుత్వపు తలుపు ఎల్లప్పుడు తెరచియుండునని తలంపవద్దు. 1992 జూలై 8వ తేదీన పశ్చిమ బెంగాలులో హకీం షేక్ అను వ్యవసాయ కూలి రైలునుండి పడి తలకు గాయమయ్యెను. ఒకదాని తరువాత నొకటిగా ప్రభుత్వ ఆసుపత్రులకు త్రిప్పిరి. ఒకచోట వసతి లేదు, ఒకచోట మంచము ఖాళీ లేదు. కడకు కలకత్తాలో ఒక ప్రైవేటు ఆసుపత్రి చేర్చుకొనెను. సుమారు 17,000 రూపాయలు ఖర్చయ్యెను. 1996లో సుప్రీము కోర్టు ప్రభుత్వమును తప్పుపట్టి అతనికి 25,000 రూపాయలు ఇప్పించెను. ప్రాణము కాపాడు విషయములో సొమ్ము లేదను సాకు ప్రభుత్వమునకు చెల్లదనెను. మన కథలలో ప్రైవేటువాడు ఎల్లప్పుడు లేవీయుడు, ప్రభుత్వము ఎల్లప్పుడు సమరయుడు అని వ్రాసికొన్నవారు హకీం షేక్‌ను అడుగవలెను.

ఆ తరువాత వచ్చిన మార్పు మన తెలుగు దేశములోనే మొదలయ్యెను, దాని వేరు మన డెల్టాలోనే యున్నది. భీమవరము దగ్గర గరగపర్రువారైన రామలింగరాజు గారు 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 అంబులెన్సు సేవను ప్రారంభించిరి. ఫోను చేసిన పేదవానికి డబ్బు అడుగక బండి వచ్చుట అదివరకు మనమెరుగని సంగతి. 2009 జనవరిలో ఆయన కంపెనీ లెక్కల మోసము బయటపడి కూలిపోయినప్పుడు బండ్లు ఆగునేమోయని జనులు భయపడిరి. ఆగలేదు. ఖర్చులో అధికభాగము అప్పటికే ప్రభుత్వము మోయుచుండెను, నడుపువారు మారిరి, బండి నడిచెను. పునాది వేసినవాని పాపము బండి ఎక్కినవానిమీద పడకుండెను. ఇందుకు దేవునికి స్తోత్రము చెప్పువారిలో నేనొకడను.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చెను. ఏప్రిల్‌లో మూడు జిల్లాలలో మొదలై, ఆ సంవత్సరాంతమునకు ఉభయ గోదావరి జిల్లాలకు చేరెను. ఇందులోని క్రొత్తదనమేమనగా, తలుపు ఎవరిదైనను సరే, డబ్బు ప్రభుత్వము కట్టును. తెల్ల కార్డుగల కూలి, తీవ్ర గాయములతో, కార్పొరేటు ఆసుపత్రి మంచముమీద పండుకొనగలిగెను. తొలి ఏండ్లలో ఆ సొమ్ములో అధికభాగము ప్రైవేటు ఆసుపత్రులకే పోయెను. ధర్మాసుపత్రులు ఆ మేరకు ఎండినవని కొందరందురు. పేదవాడు బ్రతికెనని కొందరందురు. రెండును నిజమే. నేడు ఆ పథకము ఎన్.టి.ఆర్. వైద్యసేవ అను పేరుతో నడచుచున్నది. బాకీలు తీరలేదని ప్రైవేటు ఆసుపత్రులు 2025 అక్టోబరులో సేవలు ఆపినప్పుడు మరల అదే ప్రశ్న వీధికెక్కెను. పూచీ పడినవాడు తిరిగి రాకపోయినయెడల పూటకూళ్లవాడు ఏమి చేయును?

పూచీ యున్నప్పుడు తలుపు ఎంత వేగముగా తెరచుకొనునో కోనసీమ చూచెను. 2014 జూన్ 27వ తేదీ తెల్లవారుజామున మామిడికుదురు మండలము నగరములో గెయిల్ వారి గ్యాసు గొట్టము పగిలి మంటలు లేచినవి. ఇరువదిమందికి పైగా చనిపోయిరి. కాలినవారిని అమలాపురము, కాకినాడ ఆసుపత్రులకు, ప్రైవేటు ఆసుపత్రులకు సహా, తరలించిరి. దేశమంతయు చూచుచుండెను, మంత్రులు వచ్చుచుండిరి, నష్టపరిహారము ప్రకటింపబడెను. అక్కడ ముందుగా యాభై వేలు కట్టుమన్నవారెవరును లేరు. అదే కాలిన గాయము ఒంటరిగా, వంటయింటి స్టవ్వు పేలి, ఏ కెమెరాయు లేని పల్లెలో కలిగినచో ఎట్లుండునో మీలో కొందరికి తెలియును.

కొందరు ఏ తలుపునొద్దకును చేరరు. 2023 ఫిబ్రవరి 9న మన పెద్దాపురము మండలము జి. రాగంపేటలో ఒక నూనె కర్మాగారపు ట్యాంకు శుభ్రము చేయుటకు దిగిన ఏడుగురు కార్మికులు ఊపిరాడక చనిపోయిరి. ఐదుగురు పాడేరు ఏజెన్సీనుండి కూలికి వచ్చినవారు, ఇద్దరు మన పులిమేరువారు. ఆసుపత్రి ఎంత మంచిదైనను వారికి ఉపయోగపడలేదు. గాయములలోని వ్యత్యాసము ఆసుపత్రి గుమ్మముననే మొదలగునని తలంచుట తప్పు. ట్యాంకులోనికి ఎవరు దింపబడుదురు అనుచోటనే అది మొదలగును.

ఇప్పుడు క్రొత్త ఏర్పాటు వచ్చినది. 2025 మే నెలనుండి దేశమంతట రోడ్డు ప్రమాదములో గాయపడిన ప్రతివానికి, ధనికుడో పేదయో చూడక, ఏర్పాటులో చేరిన ఆసుపత్రులలో ఒకటిన్నర లక్ష రూపాయల వరకు, ఏడు దినముల వరకు డబ్బు అడుగక వైద్యము చేయవలెనని కేంద్ర ప్రభుత్వము నియమించెను. గాయపడినవానిని మోసికొనివచ్చినవానిని పోలీసులు, ఆసుపత్రివారు బాధించరాదని 2016లో సుప్రీము కోర్టు ఆమోదించిన నియమములు 2019లో మోటారు వాహనముల చట్టములోనే చేర్చబడెను. ఈ సంగతులు మన సంఘములలో ఆటో నడుపు యౌవనస్థులకు చెప్పవలెను. ప్రకటనల సమయమున రెండు నిమిషములు చాలును. ఆసుపత్రి బల్లయొద్ద చెప్పవలసిన మాట కూడ నేర్పుడి: "ముందు వైద్యం చెయ్యండి, చట్టం ఉంది." నావలె బ్రతిమాలి ఊరకుండవలదు.

మా సంఘములోని ఆ సహోదరుడు నేడు కఱ్ఱ కాలుతో నడుచును. ఇటుకబట్టీ పని పోయినది. గుడి వెనుక వరుసలో కూర్చుండి, ఆరాధన ముగిసిన తరువాత బెంచీలు సర్దును. క్రొత్త నియమమును గూర్చి పత్రికలో వచ్చినప్పుడు నేను సంతోషముతో వారి యింటికి వెళ్లి చదివి వినిపించితిని. అతడు వినుచుండెను. అతని భార్య చాట ప్రక్కన పెట్టి, వ్రేళ్లమీద ఏదో లెక్క చూచుకొనెను. ఆమె భర్త ఆసుపత్రిలో నలుబది యొక్క దినములుండెను.

"ఏడు రోజులాండీ?" అని ఆమె అడిగెను. "ఎనిమిదో రోజుకి ఎవరు కడతారండి, అయ్యగారూ?"